గాజులోంచి జారిన గుడ్డు

"జారిపోయిందహో, జారిపోయింది. కౌజి గుడ్డు గాజులోంచి జారిపోయింది."

వీధి చివరి నుంచి ఈ కేక వినబడేసరికి ఈత పొదల కింద నుంచి తలకాయలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎర్ర తలకాయ, నల్ల తలకాయ, ఈకలు లేని బోడి తలకాయ. అన్నీ కోళ్ల తలకాయలే. కేక వేసింది మాత్రం కాకి.

ఉండండి పిల్లలూ, ఇలా మధ్యలోంచి చెబితే మీకు అర్థం కాదు. కొంచెం వెనక్కి పోదాం. అనగనగా ఒక అడవి ఉందా, ఆ అడవి అంచున ఈత పొదలు రెండు వరసలుగా పెరిగాయి. వరసల మధ్య ఇసుక బాట. దాన్ని కోళ్ల వీధి అంటారు. అక్కడుండేవన్నీ నాటుకోళ్లు. ఒకరు మూసే గంప లేదు, ఒకరు చల్లే గింజ లేదు. వాళ్ల కాపురాలు వాళ్లవి, వాళ్ల తగువులు వాళ్లవి. పైన ఈతముళ్లు అల్లుకుని ఉండటంతో గద్ద కిందికి దిగలేదు. అదీ ఆ వీధి గొప్ప.

వీధికి పెద్ద డేగయ్య. నిప్పులాంటి ఎర్ర పుంజు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు, మాట్లాడాక మళ్లీ సవరించుకుంటాడు, మధ్యలో చెప్పేది కొంచెమే. ఆయన భార్య పర్లమ్మ. మెడ మీద నలుపూ తెలుపూ కలిసిన ఈకలు, నిండైన ఒళ్లు. ఇక కౌజి ఉందే, అది ఈ ఏడే గుడ్లకొచ్చిన పడుచు పెట్ట. ఒంటినిండా కౌజుపిట్టకున్నట్టు చుక్కలు. పర్లమ్మని అక్కా అంటుంది, డేగయ్యని బావగారూ అంటుంది.

మరి కాకి ఎవరంటారా? కాకిది ఆ వీధి కాదు. పక్కన తుమ్మచెట్టు మీద ఉంటాడు. ఒకసారి ఏదో జాతరలో చంటిపిల్ల చేతిగాజు ఒకటి దొరికితే ముక్కున కరుచుకొచ్చి ఈతముల్లుకి తగిలించాడు. ఊరికే వేలాడుతుంటే ఏం బాగుంటుందని ఒక గుడ్డుని దాంట్లో పెట్టి చూశాడు. గుడ్డు ఆగింది. ఇంకో గుడ్డు పెట్టాడు. జారి అవతల పడింది. అంతే. ఆ పూట నుంచి ఆయన కాకి మాస్టారు అయిపోయాడు.

అంతకుముందు కోళ్లు గుడ్డు పెట్టేవి, కాసేపు వీధంతా వినబడేలా అరిచేవి, తర్వాత మర్చిపోయేవి. గుడ్డంటే గుడ్డే. ఇప్పుడు రెండు రకాలు తయారయ్యాయి. గాజులో ఆగితే నిలుపు గుడ్డు. జారితే జారుడు గుడ్డు. నిలుపు గుడ్డు పెట్టిన తల్లి వీధి మధ్యలో నడుస్తుంది. జారుడు గుడ్డు పెట్టిన తల్లి పక్కన ముళ్లు రాసుకుంటూ నడుస్తుంది. అలా నడవమని ఎవరూ చెప్పలేదు. అదే తమాషా.

ఇంకో తమాషా ఉంది. జారిన గుడ్డు కింద పడి పగిలితే అది కాకి మాస్టారికే. పరీక్ష పెట్టినందుకు ఖర్చులన్నమాట.

"కింద కాస్త గడ్డి పరిస్తే ఏం పోతుందయ్యా," అని అడిగింది బోడవ్వ ఒకసారి. బోడవ్వ అంటే వీధిలో అందరికంటే ముసలి కోడి. మెడ మీద ఒక్క ఈక ఉండదు, పుట్టుకతోనే అంత.

"గడ్డి పరిస్తే పరీక్షకి విలువేముంటుంది అవ్వా," అన్నాడు కాకి, మీసాల్లేవు గానీ ఉంటే తుడుచుకునేవాడే.

అదీ సంగతి. ఇప్పుడు మళ్లీ కేక దగ్గరికి వద్దాం.

కౌజి గుడ్లు ఒకటి తర్వాత ఒకటి గాజులోంచి జారుతున్నాయి. తొలిసారి పెట్టిన గుడ్లు కదా, చిన్నవి. మొదటిది జారి పగిలింది. కాకి మాస్టారు తినేశాడు. రెండోదీ అంతే. మూడోసారి కౌజి తన రెక్కని గాజు కింద పరిచింది. ఆ గుడ్డు మెత్తగా రెక్క మీద పడింది.

"ఇదేం పద్ధతి," అన్నాడు కాకి.

"నా రెక్క, నా గుడ్డు, నీకేం నొప్పి," అంది కౌజి.

పర్లమ్మ నవ్వింది. "ఏమే కౌజీ, అది గుడ్డా, రేగుపండా? నా గుడ్డు చూడు, గాజుకి మూత పెట్టినట్టు ఆగింది."

బోడవ్వ కళ్లు చిట్లించి చూసింది. "పర్లా, నీ తొలి గుడ్డు నాకు గుర్తుందే. ఈతపండంత. నువ్వే చూసి ఇది నాది కాదన్నావు. పడుచు పెట్టలకి గుడ్డు చిన్నగానే వస్తుంది. వయసొస్తే పెద్దదవుతుంది."

"అవ్వకి మతి పోతోంది," అంది పర్లమ్మ అందరికీ వినబడేలా. అవ్వకి మతి బాగానే ఉందని ఆమెకి తెలుసు. అందుకే గట్టిగా అంది.

మొత్తానికి కౌజికి ఆ ఒక్క గుడ్డే మిగిలింది. గూట్లో ఆకులు పరుచుకుని దాని మీద కూర్చుంది. తిండికి లేస్తే గబగబా నాలుగు గింజలు ఏరుకుని మళ్లీ పరిగెత్తుకొచ్చేది. మూడు వారాలు గడిచాక పెంకు టిక్కుమంది. లోపల్నుంచి ఒక పిల్ల బయటికొచ్చింది. నల్లగా, గుండ్రంగా, ఇంతే ఉంది. మినుము గింజకి కాళ్లొచ్చినట్టు. అందుకని మినుము అనే పేరు పెట్టింది తల్లి.

పర్లమ్మ గూట్లో బూరె పుట్టాడు. వాడి పేరు వినగానే మీకు వాడి ఆకారం తెలిసిపోయి ఉంటుంది. పుట్టగానే మినుము కంటే ఎంతో పెద్ద.

ఇక్కడ అబద్ధం చెప్పకూడదు పిల్లలూ. పెద్ద గుడ్డులోంచి వచ్చిన పిల్ల పుట్టగానే పెద్దదిగానే ఉంటుంది. లోపల జాగా ఎక్కువ, తినడానికి సొన ఎక్కువ. ఇక్కడిదాకా గాజు చెప్పింది నిజమే. గొడవంతా ఇక్కడి నుంచి మొదలైంది.

ఆ వీధిలో పిల్లల్ని పెంచడానికి ఒక పద్ధతి ఉంది. చెదల కుండ. పాత కుండ ఒకటి తీసుకుని, దాంట్లో తడి పేడ, కుళ్లిన గడ్డి కుక్కి, చెదపుట్ట పక్కన బోర్లించి వదిలేస్తారు. తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులు చేరతాయి. డేగయ్య వచ్చి కాలితో కుండని తన్ని తిప్పుతాడు. తెల్లగా, మెత్తగా, కదులుతూ ఎన్ని పురుగులో. చిన్న పిల్లలకి అంతకంటే బలమైన తిండి లేదు. కొత్త ఈకలు రావాలన్నా, కాళ్లకి సత్తువ రావాలన్నా అదే. ఇదివరకు కుండ తిరగ్గానే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి తినేవి. కాస్త గోల ఉండేది గానీ ఆకలి ఎవరికీ మిగిలేది కాదు.

కాకి మాస్టారికి ఆ గోల నచ్చలేదు. డేగయ్య దగ్గరికొచ్చి, "పెద్దాయనా, ఇది చాలా దండగ పని," అన్నాడు.

డేగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏది?"

"చెదలు అందరికీ ఒకేసారి పెట్టడం. జారుడు గుడ్డు పిల్లలు ఎలాగూ ఎదగవు. గాజు చెప్పేసింది కదా. వాటికి వేసింది ఇసుకలో వేసినట్టే. నిలుపు పిల్లలే రేపు వీధికి దిక్కు. వాళ్లు ముందు తినాలి. మిగిలితే జారుడు పిల్లలు."

"మిగలకపోతే?"

"మిగలకపోతే దండగ జరగనట్టే కదా," అన్నాడు కాకి.

డేగయ్యకి ఈ మాట సగమే అర్థమైంది. అర్థం కాని సగం చాలా గొప్పగా అనిపించింది. సరేనన్నాడు.

మర్నాటి నుంచి వరస. ముందు బూరె, వాడి వెనక మిగతా నిలుపు పిల్లలు, అందరికంటే వెనక జారుడు పిల్లలు, వాటిలోనూ ఆఖర్న మినుము. బూరె కడుపు పగిలేలా తిని, కుండ పక్కనే కునుకు తీసేవాడు. లేచి మళ్లీ తినేవాడు. మినుము వంతు వచ్చేసరికి పేడ మిగిలేది. పాపం అది పేడని గీకి, ఎక్కడో దాక్కున్న ఒక పురుగుని పట్టుకుని, పెద్ద ఏనుగుని వేటాడినట్టు తల్లికి చూపించేది.

కొన్నాళ్లు గడిచాయి. ఏం జరగాలో అదే జరిగింది. బూరెకి రెక్కల ఈకలు వచ్చాయి, తోక వచ్చింది, పొగరు వచ్చింది. మినుము ఎలా పుట్టిందో అలాగే ఉంది. అప్పుడు కాకి మాస్టారు వీధి మధ్యలో నిలబడి అన్నాడు: "చూశారా? గాజు ఏం చెప్పిందో అక్షరాలా అదే అయింది."

కోళ్లన్నీ తలలూపాయి. ఆహా ఏం గాజు, ఏం గాజు అన్నాయి. ముందు ఆకలితో పడుకోబెట్టి తర్వాత చిక్కిపోయిందని చెప్పడానికి గాజెందుకని ఒక్కరూ అడగలేదు. బోడవ్వ అడగబోయింది. ఆమెని అప్పటికే వెనక్కి కూర్చోబెట్టారు.

ఆ తర్వాత వీధికి పట్టిన పిచ్చి చెబితే మీరు నవ్వుతారు. గుడ్డు పెద్దది కావాలని ఒక పెట్ట గులకరాళ్లు మింగింది. ఇంకో పెట్ట గుడ్డు బయటికి రాకుండా పగలంతా బిగబట్టి, ఆపుకున్నకొద్దీ ఊరుతుందని చెప్పి, చివరికి పాక్కుంటూ గూటికి పోయింది. కాకిని మంచి చేసుకుంటే గాజు కాస్త బిగుతవుతుందని ఒకామె రోజూ ఒక మిడతని తీసుకెళ్లి తుమ్మచెట్టు కింద పెట్టేది. వీధిలోకి కొత్తగా ఎవరొచ్చినా బాగున్నారా అని కాదు, "మీరు నిలుపా, జారుడా?" అని అడిగేవాళ్లు.

ఇవన్నీ కౌజికి పట్టలేదు. దానికి ఒకటే దిగులు. రాత్రి రెక్క కింద మినుముని పొదువుకుంటే ఎముకలు గుచ్చుకుంటున్నాయి. వానలొచ్చేలోపు ఈకలు రాకపోతే ఆ చలికి పిల్ల దక్కదు.

ముందు పర్లమ్మ దగ్గరికెళ్లింది.

"అక్కా, బూరె తినగా ఇంకా మిగులుతోంది కదా. మినుముని కాస్త ముందుకి రానివ్వవా?"

"నాదేముందే కౌజీ," అంది పర్లమ్మ ఈకలు దువ్వుకుంటూ. "నేనంటే తప్పు. అన్నది గాజు. గాజుతో నాకు తగువెందుకు?"

తర్వాత డేగయ్య దగ్గరికెళ్లింది.

"బావగారూ, నా పిల్లకి రోజుకి పది పురుగులు చాలు."

డేగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు."

"అందరికీ ఆకలేస్తే అందరూ అడుగుతారు బావగారూ."

"అదే కదా ఇబ్బంది," అన్నాడు డేగయ్య, మళ్లీ గొంతు సవరించుకుంటూ.

చివరికి తుమ్మచెట్టు కిందికెళ్లి కాకిని అడిగింది. కాకి కొమ్మ మీద నుంచి దిగలేదు కూడా.

"ఇప్పుడేం చెయ్యగలం కౌజీ. వచ్చేసారి కొంచెం పెద్ద గుడ్డు పెట్టు."

"ఈ పిల్లని ఏం చెయ్యమంటావు?"

"ఈ పిల్ల సంగతి తేలిపోయింది కదా," అన్నాడు కాకి. అని మిడత కోసం కిందికి చూశాడు.

కౌజి వెనక్కి తిరిగింది. గూటికొచ్చి మినుముని లేపింది. "పదవే," అంది.

"ఎక్కడికమ్మా?"

"అడవిలోకి. అక్కడ వరస లేదు."

బోడవ్వ వీధి మొగదాకా వచ్చింది. "అమ్మాయీ, అక్కడ ముళ్ల కప్పు ఉండదు. గద్ద ఉంది."

"తెలుసవ్వా. గద్ద వస్తే రెక్క కింద దాచుకుంటాను. ఇక్కడ ఆకలొస్తోంది, దాన్ని దేని కింద దాచను?"

అవ్వ పిల్ల తల మీద ముక్కుతో ఒకసారి నిమిరి వెనక్కి పోయింది.

అడవిలో మొదటి రోజే గద్ద నీడ నేల మీద తిరిగింది. కౌజి మినుముని ఒక రాతి సందులోకి నెట్టి, తాను అడ్డంగా కూర్చుంది. గద్ద దిగింది. గోళ్లకి కౌజి తోక ఈకలు రెండు దొరికాయి. కౌజి లేవలేదు. గద్ద ఆ రెండు ఈకలే పట్టుకుని పోయింది. మినుము సందులోంచి, "వెళ్లిందా అమ్మా?" అంది. "వెళ్లింది, తిందాం రా," అంది కౌజి.

ఆ రోజు నుంచి తల్లి ఆకులు గీకేది, పిల్ల ఏరుకునేది. పడిపోయిన మోడు కింద చెదలు. ఎండుటాకుల కింద కీచురాళ్లు. చీమల పుట్టలో తెల్లటి గుడ్లు. మినుము మొదట్లో ఒక పురుగు తిని వెనక్కి జరిగి నిలబడేది, ఎవరైనా ముందు తినాలేమోనని. కౌజి దాన్ని ముందుకి నెట్టేది. "నీదేనే. ఎవరూ రారు. తిను." ఆ నిలబడటం మానడానికి చాలా రోజులు పట్టింది. మానేశాక పిల్ల పెరగడం మొదలుపెట్టింది.

వాళ్లనక్కడ పెరగనిచ్చి మనం వీధికి వద్దాం. ఎండలు ముదిరాయి. ఎండలకి మీకే అన్నం సయించదు, కోళ్లకి మేత ఏం సయిస్తుంది? నోళ్లు తెరుచుకుని రొప్పుతూ నీడన పడుకున్నాయి. మేత తగ్గింది, గుడ్డు తగ్గింది. అలాంటి రోజుల్లో పర్లమ్మ మళ్లీ గుడ్లు పెట్టింది. అలవాటు ప్రకారం వీధి మధ్యలో నడుచుకుంటూ పరీక్షకి తీసుకొచ్చింది.

కాకి గుడ్డుని గాజులో పెట్టాడు. గుడ్డు సుయ్యిమని జారి అవతల పడింది.

ఈసారి కేక లేదు. పర్లమ్మ పెట్టిన గుడ్డు తినాలంటే కాకికి భయం, తినకపోతే అలవాటు తప్పుతుంది. ఆ సందిగ్ధంలో మిగతా గుడ్లు కూడా పెట్టి చూశాడు. అన్నీ జారాయి. ఒక్కటి మాత్రం పగలకుండా మిగిలింది.

"ఎండకి గాజు సాగింది," అంది పర్లమ్మ.

"గాజు సాగడమేంటే, జంతికల పిండా?" అంది బోడవ్వ వెనక నుంచి.

డేగయ్య గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు సవరించుకున్నాడు. ఆఖరికి కాకిని పక్కకి పిలిచి ఏదో గుసగుసలాడాడు. కాకి వచ్చి వీధి మధ్యలో నిలబడి చెప్పాడు: "కొన్ని గుడ్లు చూడ్డానికి జారినట్టు ఉంటాయి. నిజానికి అవి నిలిచినట్టే. పర్లమ్మగారి గుడ్లు ఆ రకం."

"మా గుడ్లు ఏ రకం?" అని అడిగింది గులకరాళ్లు మింగిన పెట్ట.

"మీవి జారిన రకం," అన్నాడు కాకి.

సరే, ఆ గుడ్డు పొదిగితే చిన్న పిల్లాడు పుట్టాడు. తెల్లగా, పిసరంత. బోడవ్వ చూసి, "నూక గింజలా ఉన్నాడే," అంది. పర్లమ్మకి ఒళ్లు మండింది గానీ, పేరు నూకడనే ఖాయమైపోయింది.

నూకడు బయటికొచ్చిన మొదటి పూట. డేగయ్య కుండ తిప్పాడు. పర్లమ్మ నూకణ్ణి తీసుకొచ్చి వరసలో అందరికంటే ముందు, బూరె పక్కన నిలబెట్టింది. బూరె ఇప్పుడు చిన్నపిల్లాడేం కాదు, కాలి వేళ్లు మన వేళ్లంత లావున్నాయి. తమ్ముణ్ణి కిందికీ పైకీ చూశాడు.

"వీడు జారుడు," అన్నాడు.

"కాదురా నాన్నా, నిలిచినట్టే అని మాస్టారు చెప్పారు," అంది పర్లమ్మ.

"నేను చూశానమ్మా. జారాడు." అని ఒక్క పోటు పొడిచాడు. నూకడు ఎగిరి ఆఖర్న పడ్డాడు. లేచి మళ్లీ వచ్చాడు. ఇంకో పోటు. ఈసారి లేవలేదు, అక్కడే కూర్చుని వగరుస్తున్నాడు.

"తమ్ముడురా," అంది పర్లమ్మ.

"మీరంతా చెప్పిందేగా అమ్మా. జారుడు వాళ్లకి పెట్టింది దండగని. వీడికి పెట్టి ఏం లాభం?" బూరె కోపంగా అనలేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. తిండిలోకి వంగిపోయాడు.

పర్లమ్మ డేగయ్య వైపు చూసింది. డేగయ్య గొంతు సవరించుకున్నాడు. కొడుకుని ఆపడానికి ఏం చెప్పాలి? వాడు తప్పేం చేశాడు? తాము పెట్టిన పద్ధతిని తమకంటే బాగా పాటించాడు. రోజూ ఇదే వరస. పర్లమ్మ తన నోటిదగ్గర తిండి దాచి నూకడికి పెట్టేది. అదెంత వస్తుంది? వాడు చిక్కిపోయాడు. రాత్రుళ్లు రెక్క కింద ఎముకలు గుచ్చుకుంటుంటే పర్లమ్మకి నిద్ర పట్టేది కాదు.

అలా ఉండగా తొలకరి పడింది. అడవిలో తడిసిన ఈకలతో ఉండటం కష్టమని కౌజి వీధికి తిరిగొచ్చింది. ముందు మినుము నడుచుకుంటూ వచ్చింది. వెనక తల్లి ఏదో ఏరుకుంటూ కాస్త ఆలస్యంగా వస్తోంది.

వీధి మొత్తం నోరు తెరుచుకుని చూసింది. నల్లటి పెట్ట, మెరిసే ఈకలు, గట్టి కాళ్లు. ఒడ్డూ పొడుగూ బూరెకి తీసిపోలేదు.

"ఎవరి పిల్లమ్మా ఇది, ఎంత చక్కగా ఉంది," అన్నారు పెట్టలు.

కాకి మాస్టారు చెట్టు మీద నుంచి దిగొచ్చాడు. తల పక్కకి వంచి చూశాడు. "నిలుపు పిల్ల," అన్నాడు. "నడక చూస్తేనే తెలుస్తోంది. దీని గుడ్డు నేనే పరీక్ష చేశాను. బాగా గుర్తుంది. గాజులో దూర్చడానికే కుదర్లేదు. గాజు పగులుతుందేమోనని భయపడ్డాను."

"అంత పెద్ద గుడ్డా?" అన్నాడు డేగయ్య.

"ఇంతింత," అని కాకి రెండు రెక్కలూ చాపి చూపించాడు.

అప్పటికి కౌజి వచ్చి కూతురి పక్కన నిలబడింది. "బాగున్నావా మాస్టారూ? మినుముని గుర్తుపట్టావే," అంది.

కాకి రెక్కలు ఇంకా చాపే ఉన్నాయి. మెల్లగా ఒకటి ముడిచాడు, కాసేపాగి రెండోదీ ముడిచాడు. ముందు బోడవ్వ నవ్వింది. తర్వాత గులకరాళ్ల పెట్ట. తర్వాత వీధంతా.

నవ్వనిది పర్లమ్మ ఒక్కతే. నూకణ్ణి రెక్క కింద పెట్టుకుని ముళ్ల పక్క నుంచి వచ్చింది. వీధి మధ్యలోంచి నడవడం ఎప్పుడో మానేసింది.

"చెల్లీ," అంది. కౌజిని చెల్లీ అని పిలవడం అదే మొదలు. "దీనికి ఏం పెట్టావు? ఏ ఆకు? ఏ పురుగు? ఎక్కడ దొరుకుతుందో చెప్పు, ఎంత దూరమైనా వెళ్తాను." రెక్క ఎత్తి నూకణ్ణి చూపించింది.

కౌజి వాణ్ణి చూసింది. కావాలంటే ఆ క్షణంలో అది ఎన్నో అనొచ్చు. గాజు చెప్పింది అక్కా, నాదేముంది అనొచ్చు. ఆ మాట ముక్కు దాకా వచ్చింది కూడా. కానీ పిల్లాడి మెడ అచ్చం ఒకప్పటి మినుము మెడలా ఊగుతోంది.

"కొత్తగా ఏం పెట్టలేదక్కా," అంది. "ఇక్కడ కుండలో ఉండేవే. తినేటప్పుడు పక్కకి నెట్టేవాళ్లు లేరు, అంతే."

పర్లమ్మ తల దించుకుంది.

"అయినా గాజు తప్పు చెప్పలేదు కదా," అని గొణిగాడు కాకి. "పుట్టినప్పుడు చిన్నదే కదా."

"గాజు చెప్పింది గుడ్డు సంగతి నాయనా," అంది బోడవ్వ. "తిండి సంగతి దాన్ని ఎవరు అడగమన్నారు? మనమే అడిగాం. అది చెప్పకపోయినా చెప్పిందన్నాం."

డేగయ్య ఆ మాట విని నేరుగా ముల్లు దగ్గరికెళ్లాడు. గాజుని తీసి కాకి ముందు పడేశాడు. గొంతు సవరించుకోకుండా ఆయన చేసిన మొదటి పని అదే. కాకి దాన్ని తుమ్మచెట్టు తొర్రలో పెట్టుకున్నాడు. తర్వాత అది ఏమైందో నాకు తెలీదు.

కానీ పిల్లలు ఇంత ఎదిగాక ఒక్క కుండ ఇంతమందికి ఏం సరిపోతుంది? ఆ మాట అన్నది పర్లమ్మే. దానికి మినుము, "వీధి వెనకే వానకి తడిసిన పుచ్చు మోడు ఉంది పెద్దమ్మా. నిండా చెదలే. దొర్లించుకుని వద్దాం," అంది. పెట్టలన్నీ కదిలాయి. డేగయ్య వీపు ఆనించి నెట్టాడు. బూరె ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడితే మినుము, "బలం ఉంది కదా, ఇటు పట్టు," అంది. వాడు పట్టాడు. నిజంగానే వాడికి చాలా బలం ఉంది. ఇన్నాళ్లూ అది పొడవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. మోడు వీధి మధ్యకి వచ్చేసరికి అందరి ఒళ్లూ బురద.

డేగయ్య గోళ్లతో మోడుని చీల్చాడు. తెల్లగా పురుగులు పొంగాయి. పిల్లలన్నీ అలవాటు కొద్దీ వరసలో నిలబడబోయాయి. పర్లమ్మ వెళ్లి ఆ వరసని చెదరగొట్టింది. "చుట్టూ కూర్చోండి. మోడు పొడుగ్గానే ఉంది," అంది. నూకణ్ణి తీసుకెళ్లి బూరెకీ మినుముకీ మధ్య కూర్చోబెట్టింది. వాడు ఒక పురుగు తిని బూరె వైపు భయంగా చూశాడు. బూరె పక్కకి జరిగి, కాలితో చెక్క పెచ్చు లేపి పట్టుకున్నాడు. దాని కింద ఇంకా చాలా పురుగులున్నాయి. "తినరా, నేను పట్టుకుంటాలే," అన్నాడు.

కౌజీ, పర్లమ్మా పక్కపక్కన కూర్చున్నారు. బోడవ్వని ఈసారి ఎవరూ వెనక్కి పంపలేదు. కొమ్మ మీద కాకి ఒక్కడే మిగిలాడు. కాసేపు అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ కిందికి దిగాడు.

"నేనెక్కడ కూర్చోను?" అని అడిగాడు.

"జాగా ఎక్కడుంటే అక్కడ," అంది బోడవ్వ నోట్లో తిండి పెట్టుకునే. కాకి ఆమె పక్కనే కూర్చున్నాడు. అందరూ తింటున్నారు.

నీతి: గుడ్డు చిన్నదైతే పుట్టిన పిల్ల చిన్నదిగా ఉండొచ్చు, ఎదుగుదల మాత్రం అది తినే తిండి మీద ఉంటుంది. తిండి దగ్గర వెనక్కి నెట్టి, తర్వాత ఎదగలేదని వేలు చూపించేవాళ్లు పిల్లని కాదు, తమ తప్పునే చూపిస్తున్నారు.